రేటింగ్ బాగుంది.. అయినా మూసేశారు!

హోటల్ తెరిచారు. అందులో అందరికీ ఇష్టమైన రెస్టారెంట్‌ను మాత్రం తెరవలేదు. ఇక తెరవరు కూడా.

అమెరికాలోని కాలిఫోర్నియాలో, అనహైమ్ అనే ఊళ్లో డిస్నీల్యాండ్ ఉంది కదా. దానికి ఆనుకునే డిస్నీల్యాండ్ హోటల్ ఉంటుంది. సుమారు 970 గదులు. 2020 మార్చిలో కొవిడ్ దెబ్బకు మూతపడి, 2021 జులై 2న మళ్లీ అతిథులను రానిచ్చింది. ఆ హోటల్లో 'స్టీక్‌హౌస్ 55' అని ఓ ఖరీదైన రెస్టారెంట్ ఉండేది. అది మాత్రం శాశ్వతంగా మూతే అని కంపెనీ తేల్చేసింది.

మనకిది పెద్ద వార్తేం కాదు. కొవిడ్ దెబ్బకి అమీర్‌పేటలోనే ఎన్ని మెస్సులు షట్టర్ దించలేదు! పైగా స్టీక్ అంటే మనలో చాలామందికి వీడియోల్లో చూడటమే. అయినా నేను వారం రోజులుగా దీని గురించే చదువుతున్నా. ఎందుకంటే అక్కడ మూతపడింది జనం ఛీకొట్టిన రెస్టారెంట్ కాదు, నెత్తిన పెట్టుకున్న రెస్టారెంట్. మీలో చాలామంది ఇప్పుడు ఆఫర్ లెటర్ల కోసం ఎదురుచూస్తున్నారు. 'పని బాగా చేస్తే ఉద్యోగానికి ఢోకా లేదు' అని ఇంట్లోవాళ్లు చెప్పి పంపిస్తారు. పని బాగా చేసినా టేబులే ఎత్తేస్తే ఏమవుతుందో అది మనకెవరూ చెప్పరు. ఈ కేసు అది చెబుతుంది.

పేరులో ఆ 55 ఏంటి?

డిస్నీల్యాండ్ పార్కు మొదలైంది 1955 జులై 17న. ఆ ఏడాదే రెస్టారెంట్ పేరులోకి ఎక్కింది. హోటల్ కూడా అదే ఏడాది అక్టోబరులో మొదలైంది. విచిత్రం ఏంటంటే ఆ హోటల్ అప్పట్లో డిస్నీది కాదు. పార్కు కట్టడానికే వాల్ట్ డిస్నీ డబ్బు మొత్తం అయిపోయింది. హోటల్ కట్టడానికి చేతిలో పైసా లేదు. టీవీ నిర్మాత జాక్ రాథర్ ముందుకొచ్చి కట్టాడు. పేరు డిస్నీల్యాండ్‌ది, యాజమాన్యం రాథర్‌ది. సొంత పేరున్న ఆ హోటల్‌ని చేతిలోకి తెచ్చుకోవడానికి డిస్నీకి 1988 దాకా పట్టింది, అదీ రాథర్ కంపెనీని కొనేసి. స్టీక్‌హౌస్ 55 కంటే ముందు అదే హోటల్లో 'గ్రాన్‌విల్స్' అనే స్టీక్‌హౌస్ ఉండేది. జాక్ రాథర్ భార్య, సినీనటి బొనీటా గ్రాన్‌విల్ పేరు మీద పెట్టింది.

స్టీక్‌హౌస్ 55 లోపల పాత హాలీవుడ్ వాతావరణం. గోడల మీద నలుపు తెలుపు ఫొటోలు, మసక వెలుతురు, తెలుపు గుడ్డ పరిచిన బల్లలు. మాంసానికి పట్టించే మసాలా పొడి వాళ్లకే ప్రత్యేకం. ఉదయం గోల లేకుండా బ్రేక్‌ఫాస్ట్, మధ్యాహ్నం టీ పార్టీలు, రాత్రి భోజనం. మిక్కీ, గూఫీ వేషాలవాళ్లు బల్ల దగ్గరికి రారు. పిల్లల హడావుడితో పొద్దంతా తిరిగి అలసిపోయినవాళ్లకి అదే దాని ఆకర్షణ. పెళ్లిరోజులకు, పుట్టినరోజులకు ఏటా అక్కడికే వెళ్లే కుటుంబాలున్నాయి. అర్థం కావాలంటే ఇలా ఊహించుకోండి: రామోజీ ఫిల్మ్ సిటీ మొత్తం తిరిగి, సాయంత్రం అక్కడి సితార హోటల్లో ప్రశాంతంగా కూర్చుని తినడం. ఫిల్మ్ సిటీలో ఇంకేం మారినా పర్లేదు, ఆ ఒక్క బల్ల ఉంటే చాలు అనుకునేవాళ్లు కొందరుంటారు. స్టీక్‌హౌస్ 55 అభిమానులు ఆ టైపు.

మరి ఎందుకు మూశారు?

కొవిడ్ అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. కొవిడ్ నిజంగానే పెద్ద దెబ్బ. 2020 అక్టోబరు 3తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో డిస్నీకి సుమారు 286 కోట్ల డాలర్ల నికర నష్టం వచ్చింది. సెప్టెంబరు 29న పార్కుల విభాగం అధిపతి జాష్ డి'అమారో 28 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాడు. వాళ్లలో దాదాపు 67 శాతం పార్ట్‌టైమర్లు. నవంబరుకల్లా ఆ సంఖ్య 32 వేలకు చేరింది. కాలిఫోర్నియా ప్రభుత్వ నిబంధనల వల్ల డిస్నీల్యాండ్ ఏడాదికి పైగా మూసే ఉంది. 2021 ఏప్రిల్ 30న తెరిచినప్పుడు కూడా 25 శాతం మందినే, అదీ కాలిఫోర్నియావాళ్లనే రానిచ్చారు. జూన్ 15 తర్వాతే ఆ ఆంక్షలు తొలగాయి.

కానీ కొవిడ్ అన్ని రెస్టారెంట్లకూ ఒకటే. అదే ఆవరణలో ఉన్న గ్రాండ్ కాలిఫోర్నియన్ హోటల్ ఏప్రిల్ 29నే తెరుచుకుంది. అందులోని 'నాపా రోజ్' కూడా ఖరీదైన రెస్టారెంటే. దాని జోలికి వెళ్లలేదు. మూత ఎందుకు స్టీక్‌హౌస్ 55 వంతే అయింది? ఇక్కడి నుంచి చెప్పేది నా విశ్లేషణ.

మనం ఇంజినీరింగ్‌లో త్రూపుట్ అని చదువుకున్నాం. గంటకి ఎన్ని యూనిట్లు బయటికొస్తాయి అని. రెస్టారెంట్లో యూనిట్ అంటే కుర్చీ. ఒక్క కుర్చీలో రోజుకి ఎంతమంది కూర్చుని లేస్తారు, ఒక్కొక్కరు ఎంత కడతారు, దానిలో ఎంత మిగులుతుంది. అంకెలు నా సొంతం, లెక్క అర్థం కావడానికే. రెండు రెస్టారెంట్లు, రెండింటికీ వంద కుర్చీలు అనుకోండి. స్టీక్‌హౌస్‌లో రాత్రి భోజనానికి వచ్చినవాళ్లు రెండు గంటలు కూర్చుంటారు. అలా కూర్చోనివ్వకపోతే ఆ రేటు కట్టరు కూడా. కాబట్టి రాత్రికి కుర్చీకి ఇద్దరు, తలకి 90 డాలర్లు. 18 వేల డాలర్లు. ఉదయం బ్రేక్‌ఫాస్ట్ మీద ఇంకో 4 వేలు. మొత్తం 22 వేలు. రెండోది గూఫీ, ప్లూటో వేషాలు తిరిగే బఫే. పిల్లలు గంటకు మించి కూర్చోరు, అమ్మానాన్నలు కూర్చోనివ్వరు. పొద్దున కుర్చీకి ముగ్గురు, సాయంత్రం ముగ్గురు. తలకి 45 డాలర్లే, అయినా 27 వేలు.

ఇది రాబడి మాత్రమే. ఖర్చు దగ్గరికొస్తే తేడా ఇంకా పెరుగుతుంది. మంచి స్టీక్ ముక్క కొన్న ధరే ఎక్కువ. వైన్ సీసాలు నెలల తరబడి సెల్లార్‌లో డబ్బు కట్టేసి కూర్చుంటాయి. మాంసం ఏ పాకంలో దించాలో చూపుతో చెప్పగల వంటవాడికి జీతం ఎక్కువ. ఒక్క సర్వర్ మూడు నాలుగు బల్లలకు మించి చూసుకోలేడు. బఫేలో పదార్థాలు పెద్ద ట్రేల్లో వండి పెడతారు, జనమే లేచి వడ్డించుకుంటారు. ఆ హోటల్లోనే 'గూఫీస్ కిచెన్' అని అచ్చం ఇలాంటి బఫే ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ముల మార్కుల లిస్టులు పక్కపక్కన పెట్టి చూసినట్టు, మేనేజ్‌మెంట్ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తుంది.

డిస్నీ వార్షిక నివేదిక ఓసారి తెరిచి చూడండి, ఉచితంగానే దొరుకుతుంది. పార్కుల విభాగం పనితీరు చెప్పడానికి వాళ్లు వాడే కొలతలు ఇవీ: ఎంతమంది వచ్చారు, తలకి ఎంత ఖర్చుపెట్టారు, హోటల్ గదులు ఎంత శాతం నిండాయి, గదికి ఎంత రాబడి వచ్చింది. 'మా పెళ్లిరోజు పన్నెండేళ్లుగా ఇక్కడే' అన్నది ఈ నాలుగింటిలో దేనిలోకీ రాదు. వచ్చినా ఎలా వస్తుందో చూడండి. ఆ జంట అనహైమ్ చుట్టుపక్కల ఉండేవాళ్లే అనుకోండి. తినేసి కారెక్కి ఇంటికెళ్తారు, గది తీసుకోరు. ఏడాది పాసు ఉంటుంది కాబట్టి టికెట్ కొనరు. కంపెనీ దృష్టిలో వాళ్లు తలకి తక్కువ ఖర్చుపెట్టే మనుషులు. 2021 జనవరిలో డిస్నీల్యాండ్ ఆ ఏడాది పాసుల పథకాన్నే ఎత్తేసింది. స్టీక్‌హౌస్ 55ని ఎక్కువ ప్రేమించిన జనం, పాసులు పోగొట్టుకున్న జనం చాలావరకు ఒకరేనని నా అనుమానం. రెండు నిర్ణయాలూ ఆరు నెలల తేడాలో రావడం కాకతాళీయమని నేను అనుకోను.

కొవిడ్ ఒక్కటే కారణం కాదనడానికి ఇంకో ఉదాహరణ చెప్తాను. అమెరికాకి అటు చివర ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంది. అక్కడి వైల్డర్‌నెస్ లాడ్జ్ హోటల్లో 'ఆర్టిస్ట్ పాయింట్' అని పేరున్న రెస్టారెంట్ ఉండేది. దేవదారు చెక్క మీద కాల్చిన సాల్మన్ చేపకి ప్రసిద్ధి. 2018 చివర్లో, కొవిడ్ అన్న మాటే లేని రోజుల్లో, దాన్ని ఆ రూపంలో ఆపేశారు. డిసెంబరులో అదే హాల్లో స్నో వైట్, మరుగుజ్జులు, దుష్టరాణి వేషాలతో ఫిక్స్‌డ్ రేటు భోజనం మొదలుపెట్టారు. గోడలు అవే, వంటగది అదే, లెక్క మారింది. అంతకు ముందు ఏడాది, 2017లో, ఓర్లాండోలోనే యూనివర్సల్ పార్కు రాయల్ పసిఫిక్ హోటల్లో ప్రముఖ షెఫ్ ఎమెరిల్ లగాసె రెస్టారెంట్ కూడా మూతపడింది. అంటే ఇది ఒక్క కంపెనీ మూడ్ కాదు. థీమ్ పార్కు హోటళ్లలో ప్రశాంతంగా కూర్చుని తినే చోట్లకి గడ్డుకాలం కొవిడ్‌కి ముందే మొదలైంది. కొవిడ్ ఒక వంక ఇచ్చింది. ఎలాగూ మూసే ఉంది, తెరవకపోతే సరి.

లెక్క ఎప్పుడూ కరెక్టే అనుకోకండి. 2018లో ఇదే అనహైమ్‌లో, ఇదే హోటల్ పక్కన ఒక తమాషా జరిగింది. 700 గదుల కొత్త లగ్జరీ హోటల్ కడతామని డౌన్‌టౌన్ డిస్నీలో రెయిన్‌ఫారెస్ట్ కేఫ్, ఈఎస్‌పీఎన్ జోన్, ఓ సినిమా హాలు, ఓ శాండ్‌విచ్ షాపు ఖాళీ చేయించారు. పన్ను రాయితీల విషయంలో నగర పాలకులతో పేచీ వచ్చి అక్టోబరులో హోటల్ ప్లానే రద్దయింది. శాండ్‌విచ్ షాపు మళ్లీ తెరిచారు. మిగతావి పోయినవి పోయినట్టే. ఎక్సెల్ షీట్‌లో హోటల్ బ్రహ్మాండంగానే ఉండి ఉంటుంది.

టిప్పు పోతే జీతం పోయినట్టే

ఇప్పుడు అసలు విషయం. అక్కడ పనిచేసేవాళ్ల సంగతి.

కాలిఫోర్నియాలో 2021లో కనీస వేతనం పెద్ద కంపెనీల్లో గంటకి 14 డాలర్లు ఉండేది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో టిప్పులొస్తాయి కదా అని సర్వర్లకి కనీస వేతనంలో కోత వేస్తారు. కాలిఫోర్నియాలో అది కుదరదు. పూర్తి వేతనం, ఆపైన టిప్పు. టిప్పు బిల్లులో శాతం, 15 నుంచి 20 దాకా మామూలు. నలుగురు కూర్చుని 360 డాలర్ల బిల్లు చేశారనుకోండి. 18 శాతం లెక్కన సర్వర్‌కి 65 డాలర్లు. 2021 నాటి రేటు ప్రకారం మన డబ్బుల్లో సుమారు 4,800 రూపాయలు, ఒక్క బల్ల మీద. అదే నలుగురు 180 డాలర్ల బఫే తింటే 32 డాలర్లు. అదే మనిషి కౌంటర్ దగ్గర బర్గర్లు అందిస్తే దాదాపు సున్నా. మనిషి ఒకడే, చేసే కష్టం ఇంచుమించు ఒకటే. ఏ బల్ల దగ్గర నిలబెట్టారన్నదే ఆదాయం.

అందుకే 'ఉద్యోగం పోలేదు, వేరే చోట సర్దుబాటు చేశారు' అన్న మాటని జాగ్రత్తగా వినాలి. డిస్నీల్యాండ్ హోటళ్ల సిబ్బందికి యునైట్ హియర్ లోకల్ 11 అనే సంఘం ఉంది. దానికి తోడు 2021 ఏప్రిల్ 16న గవర్నర్ గవిన్ న్యూసమ్ ఎస్‌బీ 93 అనే చట్టం మీద సంతకం చేశాడు. కొవిడ్ వల్ల తీసేసిన హోటల్ సిబ్బందికి అది తిరిగొచ్చే హక్కు ఇచ్చింది. 50 లేదా అంతకు మించి గదులున్న హోటళ్లకు వర్తించేలా చేశారు. 2019లో కనీసం 6 నెలలు పనిచేసి ఉండాలన్నది అప్పటి నిబంధన. ఖాళీ వచ్చిన 5 పనిదినాల్లో కంపెనీ పాతవాళ్లకే ముందు కబురు చేయాల్సి ఉండేది. ఎక్కువమంది అర్హులుంటే సీనియారిటీ ప్రకారం. ఒప్పుకుంటారో లేదో చెప్పడానికి మళ్లీ 5 పనిదినాల గడువివ్వాల్సి ఉండేది. మంచి చట్టం. నాకు నచ్చింది. కానీ 'అదే లేదా అలాంటి ఉద్యోగం' ఖాళీ అయితేనే కదా పిలిచేది. రెస్టారెంటే లేకపోతే ఆ వైన్ ఎక్స్‌పర్ట్‌ని ఎక్కడికి పిలుస్తారు? సర్వర్‌ని ఇంకో చోటికి పిలిచినా, చట్టం వెనక్కి ఇచ్చేది ఉద్యోగాన్ని. ఆ 65 డాలర్ల బల్లని కాదు.

మీరు ఇక్కడ ఆగి మీ ఆఫర్ లెటర్ తీయండి. సీటీసీ అని పెద్ద అంకె ఉంటుంది. దాని కింద ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత, జాయినింగ్ బోనస్ ఎంత, ఆ బోనస్ ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలా. వేరియబుల్ అంటే మన టిప్పే. టీమ్ బాగా చేస్తే, కంపెనీ బాగా చేస్తే వస్తుంది. రేపు మీ టీమ్‌ని ఎత్తేసి బెంచ్ మీద కూర్చోబెడితే ఫిక్స్‌డ్ వస్తుంది, వేరియబుల్ ఎగిరిపోతుంది. ఈఎంఐలు మాత్రం సీటీసీ చూసి పెట్టుకుంటాం. (నేనూ పెట్టుకున్నా. బైక్. ఆ కథ తర్వాత.)

మన దగ్గర తిరిగి పిలిచే హక్కు లేదా అంటే, ఉంది. 2021లో అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25హెచ్ అనే సెక్షన్ ప్రకారం, సిబ్బంది తగ్గింపులో తీసేసినవాళ్లకి మళ్లీ నియామకాల్లో ప్రాధాన్యం ఇవ్వాల్సి ఉండేది. 25ఎఫ్ ప్రకారం ఏడాది నిరంతర సర్వీసు ఉన్నవాళ్లని తీసేయాలంటే నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాల్సి ఉండేది. 2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. చిక్కెక్కడంటే పాత చట్టంలోని ఇవన్నీ 'వర్క్‌మన్' నిర్వచనంలోకి వచ్చేవాళ్లకే ఉండేవి. మేనేజర్ స్థాయి పనిచేసేవాళ్లకి వర్తించేవి కావు. నిరంతర సర్వీసు ఏడాది లెక్కకు చేరని ఫ్రెషర్‌కి 25ఎఫ్ అందేది కాదు. పైగా మన ఐటీలో 'తీసేశాం' అనరు, 'రాజీనామా ఇచ్చేయండి, ఎక్స్‌పీరియన్స్ లెటర్ మంచిగా ఇస్తాం' అంటారు. రాజీనామా ఇచ్చాక ఇక ఏ సెక్షనూ లేదు.

నా బైక్ కథ

బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఓ కంపెనీలో చేరా. పేరెందుకులెండి. మాది ఐదుగురి టీమ్. కస్టమర్ సపోర్ట్‌వాళ్లు వాడుకునే ఓ ఇంటర్నల్ టూల్ చేసేవాళ్లం. కాల్ రాగానే ఆ కస్టమర్ పాత ఫిర్యాదులన్నీ ఒక్క స్క్రీన్ మీద చూపించేది. సపోర్ట్‌వాళ్లకి అదంటే ప్రాణం. నైట్ షిఫ్ట్‌లో ఉన్న ఓ అక్క మాకు ఇంట్లో చేసిన సున్నుండలు తెచ్చిపెట్టేది, 'మీ వల్ల నా కాల్ టైమ్ సగమైంది తమ్ముడూ' అని. ఆ ఊపులో బైక్ బుక్ చేశా.

ఓ శుక్రవారం మీటింగ్ పెట్టి టూల్ ఆపేస్తున్నాం అన్నారు. విదేశీ కంపెనీ తయారుచేసిన రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారట, మా పని దాన్లో ఓ చిన్న ట్యాబ్ అట. సపోర్ట్‌వాళ్లు మెయిళ్లు పెట్టారు. వంద మెయిళ్లకి పైనే. ఎవరూ జవాబివ్వలేదు. మా మేనేజర్ మంచాయన, అప్పుడు ఒక మాట చెప్పాడు: "మనల్ని వాడేవాళ్లకి బడ్జెట్ లేదురా. బడ్జెట్ ఉన్నవాళ్లు మనల్ని ఎప్పుడూ వాడలేదు." ఐదుగురిలో ఇద్దరికి వారంలోనే కంపెనీలోనే వేరే ప్రాజెక్టులు దొరికాయి. వాళ్లు మాలాగే ఆ టూల్ మీదే పనిచేశారు, కాకపోతే ఖాళీ దొరికినప్పుడల్లా డేటాబేస్ లోపలికి దూరి క్వెరీలు ఎందుకు నెమ్మదిస్తున్నాయో చూసేవాళ్లు. నేను ఆ కంపెనీ సొంతంగా రాసుకున్న స్క్రిప్టింగ్ భాషలో ఆరితేరా. బయట ఎవరికీ అక్కర్లేని భాష. నాలుగు నెలలు బెంచ్. వేరియబుల్ రాలేదు. బైక్ ఈఎంఐ నాన్న కట్టాడు.

స్టీక్‌హౌస్ 55 సిబ్బంది గురించి చదువుతుంటే నాకు గుర్తొచ్చింది ఇదే. వైన్ గురించి చెప్పగలిగేవాడు, మాంసం పాకం తెలిసిన వంటవాడు ఏ ఊళ్లోనైనా బతుకుతాడు. ఫలానా రిజిస్టర్‌లో ఫలానా బటన్ ఎక్కడుందో మాత్రమే తెలిసినవాడికి కష్టం. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే యూనిఫాంలో పనిచేస్తుంటారు. తేడా మూసేసిన రోజే బయటపడుతుంది.

టెక్ ప్రపంచంలో ఇలాంటివి కోకొల్లలు. 2013 జులై 1న గూగుల్ రీడర్‌ని ఆపేశారు. ఆపొద్దని లక్ష మందికి పైగా పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. ఆగలేదు. 2021 మే 4న యాహూ ఆన్సర్స్ పోయింది. మీ అన్నలు ఎంసెట్ డౌట్లు అక్కడ అడిగినవాళ్లే. వాడేవాళ్లున్నారు, డబ్బు కట్టేవాళ్లు లేరు. లేదా కట్టేది చాలదు.

అలాగని జనం ఇష్టపడే పనిలో చేరొద్దని నేను చెప్పను. ఆ సున్నుండల రుచి ఇప్పటికీ గుర్తుంది, ఆ తర్వాత చేసిన ఏ బిల్లింగ్ ప్రాజెక్టూ అలాంటిది ఇవ్వలేదు. స్టీక్‌హౌస్‌లో ఓ కుటుంబం నాలుగోసారి వచ్చినప్పుడు పిల్లాడి పేరు గుర్తుపెట్టుకుని పలకరించిన సర్వర్ తప్పేం చేయలేదు. చేరండి. చేరే ముందు, మీరు నిలబడబోయే బల్ల కంపెనీ లెక్కల్లో ఎక్కడుందో కనుక్కోండి. ఇంటర్వ్యూ చివర్లో 'ఎనీ క్వశ్చన్స్?' అంటారు కదా. మనం 'నో సర్' అనేసి లేచిపోతాం. అప్పుడే అడగొచ్చు. ఈ టీమ్ పనికి డబ్బు కట్టేది ఎవరు, బయటి క్లయింటా, లోపలి డిపార్ట్‌మెంటా? ఇదే పని కంపెనీలో ఇంకో టీమ్ కూడా చేస్తోందా? (నాపా రోజ్ గుర్తుందిగా.) గత రెండేళ్లలో ఈ టీమ్ పెరిగిందా, తగ్గిందా? అడిగితే ఉద్యోగం ఇవ్వరేమో అని భయం సహజం. నేను ఇప్పుడు ఇంటర్వ్యూలు తీసుకునే వైపు కూడా కూర్చుంటున్నా. ఇవి అడిగిన అభ్యర్థిని ఒక్కరిని కూడా ఆ కారణంతో వద్దనుకోలేదు. మర్యాదగా అడగాలంతే. లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక నివేదికలో ఏ విభాగం నుంచి ఎంత రాబడో ఉంటుంది, ఓ గంట కూర్చుంటే దొరుకుతుంది. లింక్డ్ఇన్‌లో ఆ టీమ్‌లో ఏడాది కిందట ఉన్నవాళ్లు ఇప్పుడెక్కడున్నారో చూడండి. అందరూ ఒకే నెలలో బయటికెళ్లి ఉంటే కారణం వేరే చెప్పక్కర్లేదు.

పోయిన ఆదివారం మా కాలేజీ జూనియర్ ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, రెండు ఆఫర్లున్నాయి. ఒకటి ఇన్నోవేషన్ ల్యాబ్ అంట, ఏడున్నర లక్షలు. ఇంకోటి బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో టెస్టింగ్, నాలుగున్నర. ఇంట్లో ఏడున్నరే అంటున్నారు. నువ్వేమంటావ్?" అని. ఏడున్నరలో వేరియబుల్ ఎంతో చూడమన్నా. లెటర్ తీసి చూసింది. లక్షా ఎనభై వేలు. జాయినింగ్ బోనస్ ఇంకో లక్ష, అది మొదటి ఏడాదికే. ఖాయంగా చేతికొచ్చేది నాలుగు లక్షల డెబ్బై వేలు. రెండో ఆఫర్‌లో వేరియబుల్ ముప్పై వేలే. నాలుగు లక్షల ఇరవై వేలు ఖాయం. మూడు లక్షల తేడా కాస్తా యాభై వేలకి దిగింది. అటువైపు కాసేపు మాట లేదు.

ల్యాబ్ అంటే నిజంగానే మంచిది కూడా కావచ్చు. అక్కడి పని గురించి చెబుతున్నప్పుడు ఆమె గొంతులో ఉషారు నాకు తెలిసింది. అందుకే వద్దని చెప్పలేదు. ల్యాబ్ ఖర్చు ఎవరి బడ్జెట్‌లోంచి వస్తుందో హెచ్ఆర్‌ని ఒక్క మెయిల్‌లో అడగమన్నా. మంగళవారం అడిగింది. 'హైరింగ్ మేనేజర్‌ని కనుక్కుని చెప్తాం' అని జవాబు వచ్చింది. ఇది రాసే సమయానికి మళ్లీ మెయిల్ రాలేదు. ఆఫర్ ఒప్పుకోవడానికి గడువు సోమవారం సాయంత్రం ఆరు.